పోలీసు వైర్‌లెస్ మాటలు ఇంట్లో వినవచ్చా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

తుపాను రోజుల్లో ఇంట్లో ఏయే వస్తువులు సిద్ధంగా ఉంచుకోవాలో కిందటి సంచికలో రాస్తూ బ్యాటరీ రేడియోను గురించి రెండు వాక్యాలు చెప్పాము. ఆ రెండు వాక్యాలకే నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. వాటిలో ఎక్కువ భాగం స్కానర్‌ను గురించి అడిగినవే. ఒకదాని తరువాత ఒకటిగా ఫ్రీక్వెన్సీలను వెదుక్కుంటూ పోయి, ఎక్కడ మాట వినబడితే అక్కడ ఆగే రిసీవర్‌ను స్కానర్ అంటారు. పోలీసు, అగ్నిమాపక, ఓడరేవు సిబ్బంది సంభాషణలు కూడా దాని చెవిన పడతాయి. అటువంటి పరికరాన్ని కొనడం, దగ్గర ఉంచుకోవడం, వినడం, విన్నది మరొకరికి చెప్పడం అనే నాలుగూ చట్టం దృష్టిలో వేర్వేరు పనులని మొదటే గుర్తుంచుకుంటే కింది జవాబులు తేలికగా అర్థమవుతాయి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో బావోఫెంగ్ వాకీటాకీ ఒకటి కొన్నాను. మొంథా తుపాను రాత్రి కరెంటు పోయి, సెల్ సిగ్నల్ కూడా లేనప్పుడు స్కాన్ నొక్కితే దానిలో పోలీసుల మాటలు వినిపించాయి. మా పక్క ఊరి చెరువు గురించి ‘కట్ట తెగే ప్రమాదం’ అన్న మాట విని ఇరుగుపొరుగుకు చెప్పాను. పది పన్నెండు కుటుంబాలు పిల్లలతో, ముసలివారితో ఆ వానలోనే హైస్కూలుకు వెళ్లాయి. తెల్లవారి చూస్తే కట్ట చెక్కుచెదరలేదు. మంచికే చెప్పాను గాని, ‘అసలు ఆ సెట్టు ఉంచుకోవడమే నేరం’ అంటున్నాడు ఒక మిత్రుడు. నిజమేనా? – ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీ మిత్రుడు చెప్పింది చాలావరకు నిజమే. లైసెన్సు గాని, ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు గాని లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర ఉంచుకోకూడదని 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం మూడవ సెక్షన్ చెబుతుంది. మాట పంపే సెట్టుకూ, మాట వినే సెట్టుకూ ఆ చట్టం శిక్షలో తేడా చూపింది గాని నిషేధంలో చూపలేదు. ప్రసారం చేయగల సెట్టుకు మూడేళ్ల దాకా జైలు, వినడానికి మాత్రమే పనికివచ్చే పరికరానికి మొదటిసారి 100 రూపాయల దాకా జరిమానా అని అందులో ఉంది. వందే కదా అని తేలికగా తీసుకోవడానికి వీలులేదు. పాత చట్టాల స్థానంలో విడతల వారీగా అమలులోకి వస్తున్న 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో ‘టెలికమ్యూనికేషన్’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే సందేశాన్ని పంపడంతో పాటు అందుకోవడం కూడా చేరి ఉంది. 2024 జూన్ 26 నుంచి అమలులో ఉన్న 42వ సెక్షన్ ప్రకారం, ఒక సందేశాన్ని చట్టవిరుద్ధంగా మధ్యలో పట్టుకున్నవారికి మూడేళ్ల దాకా జైలు గాని, రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. ‘నేను మాట్లాడలేదు, విన్నాను అంతే’ అనే సమాధానం ఇక్కడ రక్షణ కాదు.

మీ చేతిలో ఉన్నది నిజానికి స్కానర్ కూడా కాదు, ట్రాన్స్‌మిటర్. ఆ తరగతి సెట్లు 136 నుంచి 174 మెగాహెర్ట్‌జ్ వరకూ, 400 నుంచి 520 వరకూ వినడమే కాక, ఆ ఫ్రీక్వెన్సీలలో నాలుగైదు వాట్ల శక్తితో మాట్లాడగలవు కూడా. స్కాన్ ఆగిన చోట, సెట్టు ఎడమ పక్కన ఉన్న పెద్ద బటన్ మీద పొరపాటున వేలు పడితే చాలు, ఆ ఛానెల్ మీద మీ ఇంటి చప్పుడు బయలుదేరుతుంది. సెట్టు పట్టుకొని ఆడుకునే పిల్లవాడు ఆ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే, వాగు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ కంట్రోల్ రూముకు చెప్పబోయిన మాట ఆ పది సెకన్లూ అందకపోవచ్చు. ఆ రాత్రి మీ ఇంట్లో అలా జరగలేదు గాని, జరిగి ఉంటే మీకు తెలిసేది కూడా కాదు.

ఇక కట్ట సంగతి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీ ఉత్తరంలోని ఈ భాగమే. తెలుగులో ఔనా కాదా అన్నది వాక్యం చివరి మాటలో తేలుతుంది. ‘కట్ట తెగే ప్రమాదం ఉంది’ అన్నా, ‘కట్ట తెగే ప్రమాదం లేదు’ అన్నా మొదటి మూడు మాటలూ ఒకటే. వైర్‌లెస్‌లో మాట్లాడేవారు చాలామంది ఆఖరి మాట పూర్తికాకముందే బటన్ వదిలేస్తారు. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు ఆ ఆఖరి మాటే బరబర చప్పుడులో కలిసిపోతుంది. ఆ రాత్రి ఆ అధికారి ‘లేదు’ అన్నారో, ‘ఉంది, ఇసుక బస్తాలు వేయిస్తున్నాం’ అన్నారో, అసలు అది మీ పక్క ఊరి చెరువో, అదే పేరున్న మరో చెరువో మీకు వినపడలేదు. వినవలసిన కంట్రోల్ రూముకు అర్థం కాకపోతే ‘మళ్లీ చెప్పండి’ అని అడిగే వీలుంది. మీకు ఆ వీలు లేదు. మీరు దుర్బుద్ధితో చేయలేదని ఉత్తరం చదివిన ఎవరికైనా తెలుస్తుంది. అయినా చీకటిలో, వానలో, ముసలివారిని నడిపించి తీసుకువెళ్లిన ఆ దారిలో ఒక కాలువో, తెగిపడిన కరెంటు తీగో ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. అటువంటి మాట చెవిన పడ్డప్పుడు 112కు గాని, విపత్తుల నిర్వహణ సంస్థవారి 1070కు గాని ఫోన్ చేసి అడగాలి. సిగ్నల్ లేకపోతే గ్రామ సచివాలయంలోనో, పోలీసు స్టేషన్‌లోనో మనిషిని పంపి కనుక్కోవాలి. ఆ తరువాతే ఊరికి చెప్పాలి.

ఇప్పుడు చేయవలసింది ఏమిటంటే, సెట్టు నుంచి బ్యాటరీ విడదీసి పక్కన పెట్టండి. మరొకరికి అమ్మవద్దు, ఇవ్వవద్దు. అమ్మకానికీ అనుమతి కావలసిందే. కొన్న బిల్లు భద్రపరచండి. వాకీటాకీల వంటి పరికరాలను అమ్మే ఆన్‌లైన్ సంస్థలు ఫ్రీక్వెన్సీ వివరాలు, లైసెన్సు అవసరమా కాదా అన్న సంగతి, పరికరానికి ప్రభుత్వ ఆమోదం ఉందా అన్నది కొనేవారికి స్పష్టంగా చూపాలని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2025లో మార్గదర్శకాలు జారీచేసింది. మీకు అమ్మినవారు ఆ మాట చెప్పకుండా అమ్మి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. ఈ సెట్టును నిజంగా ఉపయోగించుకోవాలనే కోరిక ఉంటే దానికి హామ్ లైసెన్సు, అంటే అభిరుచి కోసం రేడియో సెట్టు నడిపేవారికి పరీక్ష పెట్టి ఇచ్చే లైసెన్సు, అనే రాజమార్గం ఉంది. ఒంగోలు విద్యార్థినికి కింద ఇచ్చిన జవాబు మీరూ చదవండి. అయితే హామ్ లైసెన్సు వచ్చినా పోలీసుల మాటలు వినే హక్కు రాదు.

ప్రశ్న: ఫోన్‌లో స్కానర్ యాప్ వేసుకుంటే అమెరికా పోలీసుల మాటలు వస్తున్నాయి. అదీ తప్పేనా? – ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: మీ ఫోన్ ఆ రేడియో తరంగాలను పట్టుకోవడం లేదు. అక్కడివారు ఎవరో తమ స్కానర్‌లో విన్నదాన్ని ఇంటర్నెట్‌లో పెడితే, పాట విన్నట్టే మీరు దాన్ని వింటున్నారు. ఇక్కడి పోలీసుల సంభాషణను అదే విధంగా ఇంటర్నెట్‌కు ఎక్కించాలని మాత్రం ఎన్నడూ తలపెట్టకండి. అది వినడం, బయటపెట్టడం రెండూ అవుతుంది.

ప్రశ్న: మా ఆయన, పెద్దబ్బాయి బోటు మీద వేటకు వెళతారు. బోటులో వీహెచ్ఎఫ్ సెట్టు ఉంది. గాలి తిరిగిన రోజున ఇంట్లో కూర్చోలేక రేవుకూ ఇంటికీ తిరుగుతూ ఉంటాను. స్కానర్ ఒకటి కొని ఇంట్లో పెట్టుకుంటే వాళ్ల మాట వినబడుతుందా? దానికి ఎవరి అనుమతి కావాలి? – ఒక పాఠకురాలు, జువ్వలదిన్నె

జవాబు: అమ్మా, ముందు మీరు అడిగిన మొదటి మాటకే జవాబు చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తే రెండవదాని అవసరం తగ్గుతుంది. వీహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు కంటిచూపు లాగే సూటిగా పోతాయి. భూమి వంపు దాటి అవతలికి పెద్దగా వెళ్లవు. ఎంత దూరం వినబడుతుందో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది. రెండు వైపులా ఉన్న యాంటెన్నాల ఎత్తును మీటర్లలో తీసుకొని, ఒక్కోదాని వర్గమూలం కట్టి, రెండూ కూడి, 4.12తో హెచ్చిస్తే కిలోమీటర్లు వస్తాయి. మీ మిద్దె మీద 9 మీటర్ల ఎత్తున యాంటెన్నా కట్టారనీ, బోటులో యాంటెన్నా నీటి నుంచి 4 మీటర్ల ఎత్తున ఉందనీ అనుకుందాం. 3, 2 కలిపితే 5, దాన్ని 4.12తో హెచ్చిస్తే సుమారు 20 కిలోమీటర్లు. బోటు అంతకన్నా లోపలికి వెళ్లిన క్షణం నుంచి మీ స్కానర్ మౌనంగా ఉంటుంది. ఆ మౌనం వారికి ఏదో అయినందువల్ల కాదు, దూరం వల్ల వచ్చింది. అయినా అర్ధరాత్రి ఒంటరిగా ఆ పెట్టె ముందు కూర్చున్న మనిషికి అది దూరమని తోచదు. అందుకే నేను మీకు స్కానర్‌ను సిఫారసు చేయలేను.

అనుమతి విషయానికి వస్తే, బోటు మీది సెట్టుకు ఇచ్చిన లైసెన్సు ఆ బోటుకే గాని ఇంటికి వర్తించదు. ఒడ్డున సెట్టు పెట్టాలంటే కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం, అంటే అందరూ డబ్ల్యూపీసీ అని పిలిచే విభాగం, వేరుగా లైసెన్సు ఇవ్వాలి. ఒక్కో ఇల్లు దీనికోసం తిరగడం కన్నా, మత్స్యకారుల సహకార సంఘం పేరున మత్స్యశాఖ ద్వారా రేవులో ఒకే సెట్టు, ఎత్తైన స్తంభం మీద యాంటెన్నా అడగడం మేలు. అక్కడ ఒక మనిషి కూర్చుంటే ఊరందరి బోట్లకూ సమాధానం చెప్పగలడు. మీ స్కానర్ అయితే వింటుందే గాని బదులు చెప్పలేదు.

బోటులో ఉన్నవారికి ఒక మాట తప్పకుండా చెప్పండి. 16వ ఛానెల్, అంటే 156.8 మెగాహెర్ట్‌జ్, ఆపదలో పిలవడానికి ప్రపంచమంతటా కేటాయించిన ఛానెల్. కృష్ణపట్నం వచ్చిపోయే ఓడలు కూడా దాన్ని వింటూనే ఉంటాయి. దాని మీద కబుర్లు చెప్పుకోకూడదు; పిలుపు అందాక మరో ఛానెల్‌కు మారి మాట్లాడుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టులో ప్రారంభించిన పథకం కింద లక్ష వేట పడవలకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు ఇస్తున్నారు. అది ఉపగ్రహం ద్వారా పనిచేస్తుంది గనుక పైన చెప్పిన 20 కిలోమీటర్ల హద్దు దానికి లేదు. చిన్న సందేశాలు రెండు వైపులా పోతాయి, ఆపదలో బటన్ నొక్కితే బోటు ఉన్న చోటు ఒడ్డుకు తెలుస్తుంది. మీ బోటుకు అది బిగించారో లేదో మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. బోటు రిజిస్ట్రేషన్ నంబరు, రంగు, ఎంతమంది ఎక్కారు, ఏ వైపు వెళ్లారు అన్నవి ఒక కాగితం మీద రాసి ఇంటి గోడకు అంటించి ఉంచండి. ఆలస్యమైతే కోస్ట్‌గార్డ్ 1554కు ఫోన్ చేసినప్పుడు వారు మొదట అడిగేవి అవే.

ప్రశ్న: మా గ్రానైట్ క్వారీలో పై బెంచీకీ కింది బెంచీకీ మాట అందక కూలీలు ఇబ్బంది పడుతున్నారు. వాకీటాకీలు వాడితే పోలీసులు పట్టుకుంటారా? – ఒక క్వారీ మేనేజరు, చీమకుర్తి

జవాబు: లైసెన్సు లేకుండానే వాడుకోదగినవి ఉన్నాయి. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్‌జ్ మధ్య మాత్రమే పనిచేసే తక్కువ శక్తి వాకీటాకీలకు 2018 అక్టోబరు నుంచి లైసెన్సు మినహాయింపు ఇచ్చారు. పరికరానికి ప్రభుత్వ ఆమోదం, అంటే ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్, ఉన్నదో లేదో చూసి, ఆ పత్రం ప్రతి తీసుకొని కొనండి. లోతైన క్వారీలో రాతి గోడల మధ్య ఈ చిన్న సెట్ల మాట అందకపోతే డబ్ల్యూపీసీకి దరఖాస్తు చేసి, మీకంటూ ఒక ఫ్రీక్వెన్సీ కేటాయింపు తీసుకోవాలి. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో చేయవచ్చు; ఏటా రుసుము ఉంటుంది. మధ్యేమార్గంగా ఆన్‌లైన్‌లో చవకగా దొరికే అన్ని ఫ్రీక్వెన్సీల సెట్లను తెచ్చి వాడడం మాత్రం నేరమే.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పక తప్పదు. పై బండను తొలగించడానికి పేలుడు చేసే రోజున విద్యుత్ డిటోనేటర్లు వాడుతున్నట్లయితే, వాటి తీగలు యాంటెన్నా లాగా పనిచేసి, దగ్గరలో వాకీటాకీ నొక్కినప్పుడు వెలువడే శక్తిని గ్రహించే ప్రమాదం ఉంది. ఆ విద్యుత్తు చాలితే డిటోనేటర్ దానంతట అదే పేలవచ్చు. ఎంత శక్తి గల సెట్టును ఎంత దూరంలో ఉంచాలో లైసెన్సు ఉన్న మీ బ్లాస్టరు, డిటోనేటర్ తయారీదారు ఇచ్చిన పట్టిక చూసి చెప్పాలి. అది తేలేవరకు తీగలు కలిపే చోటికి సెట్లను గాని, సెల్‌ఫోన్లను గాని తీసుకుపోనివ్వకండి.

ప్రశ్న: మా అబ్బాయి ఫ్లోరిడాలో ఉంటాడు. అక్కడ స్కానర్ కొనుక్కున్నాడు, చట్టబద్ధమే అంటున్నాడు. సంక్రాంతికి వచ్చేటప్పుడు వాళ్ల నాన్నగారికి తెస్తానంటున్నాడు. తేవచ్చా? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అబ్బాయి చెప్పింది అక్కడికి నిజం. రహస్య సంకేతాలలోకి మార్చకుండా ప్రసారమయ్యే పోలీసు, అగ్నిమాపక సంభాషణలను వినడాన్ని అమెరికా సమాఖ్య చట్టం నేరంగా చూడదు. సెల్‌ఫోన్ సంభాషణలను వినడం మాత్రం 1986 చట్టం ప్రకారం నేరం. అయితే రాష్ట్రానికో నియమం ఉంది. ఫ్లోరిడాలోనే పోలీసు ఫ్రీక్వెన్సీలు వినగల సెట్టును అనుమతి లేకుండా కారులో పెట్టుకోకూడదు. హామ్ లైసెన్సు ఉన్నవారికి అక్కడ మినహాయింపు ఉంది. అబ్బాయి కారులో పెట్టుకొని తిరుగుతున్నాడేమో ఒకసారి అడగండి. బ్రిటన్‌లో ఇంకొక తీరు. స్కానర్ కొనుక్కోవచ్చు గాని, తమకు ఉద్దేశించని సంభాషణను వినడం 2006 చట్టం కింద నేరం.

ఇక్కడికి తేవడం మాత్రం మానుకొమ్మని చెప్పండి. డబ్ల్యూపీసీ అనుమతి పత్రం లేని వైర్‌లెస్ సెట్టును విమానాశ్రయంలో కస్టమ్స్‌వారు నిలిపివేయవచ్చు. దాటి వచ్చినా ఇంట్లో ఉంచుకోవడం దగ్గర పైన కావలి పాఠకుడికి చెప్పిన చట్టమే వర్తిస్తుంది. నాన్నగారికి రేడియో మీద మక్కువ ఉంటే మంచి షార్ట్‌వేవ్ రేడియో ఒకటి తెమ్మనండి. ప్రసార కేంద్రాలను వినే రేడియోకు ఏ లైసెన్సూ అక్కరలేదు.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ రెండవ సంవత్సరం చదువుతున్నాను. కంప్యూటర్‌కు తగిలించే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌తో వాతావరణ ఉపగ్రహాల చిత్రాలు తీయాలని ఉంది. దానితో పోలీసు ఫ్రీక్వెన్సీలు కూడా వస్తాయంటున్నారు. భయంగా ఉంది. ఏమి చేయాలి? – ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: నీ భయం సరైనదే, నీ కోరిక అంతకన్నా సరైనది. టీవీ ప్రసారాలు చూడటానికి తయారైన ఆ చిన్న డాంగిల్ సుమారు 24 నుంచి 1,700 మెగాహెర్ట్‌జ్ వరకు దేనినైనా వినగలదు. ఏది వినాలో ఏది వినకూడదో దానికి తెలియదు, నీకు తెలిసి ఉండాలి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ రేడియో నియమాలలో దీనికి ఒక సూత్రం ఉంది. ప్రజలందరి ఉపయోగానికి ఉద్దేశించని ప్రసారాలను అనుమతి లేకుండా పట్టుకోవడాన్నీ, వాటిలోని సంగతిని బయటపెట్టడాన్నీ ప్రతి దేశమూ నిషేధించాలి. ఉపగ్రహాల నుంచి వచ్చే వాతావరణ చిత్రాలు అందరి కోసం పంపేవి. పోలీసు సంభాషణ అటువంటిది కాదు.

ఎంతో మంది విద్యార్థులు ఈ విద్య నేర్చుకున్న నోవా 15, 18, 19 ఉపగ్రహాలను 2025లో విరమింపజేశారు. పాత వీడియోలు చూసి వాటికోసం యాంటెన్నా పట్టుకొని మిద్దె మీద నిలబడకు. రష్యావారి మెటియోర్-ఎం ఉపగ్రహాలు అదే 137 మెగాహెర్ట్‌జ్ ప్రాంతంలో చిత్రాలు పంపుతాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదుగా పోయేటప్పుడు 145.800 మీద వ్యోమగాములు విద్యార్థులతో మాట్లాడే మాట ఒక్కొక్కసారి వినబడుతుంది. తలపై నుంచి పోతున్న మనిషి గొంతు చేతిలోని రెండు అల్యూమినియం కడ్డీల ద్వారా దిగి రావడం ఒక్కసారి విన్నవారు ఆ పది నిమిషాలను మరచిపోరు.

డాంగిల్ కొనేముందే హామ్ పరీక్ష రాయి. 12 ఏళ్లు నిండినవారెవరైనా రాయవచ్చు. రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు తరగతులు. రెండింటిలోనూ రేడియో సిద్ధాంతం, నియమ నిబంధనలు అని రెండు భాగాలు ఉంటాయి. జనరల్ తరగతికి అదనంగా నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్, అంటే చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే సంకేత లిపి, రావాలి. రెండవ సంవత్సరం ఎలక్ట్రానిక్స్ పాఠాలు చదివినవారికి సిద్ధాంతం కష్టం కాదు. నిబంధనలనే శ్రద్ధగా చదవాలి. తనకు ఉద్దేశించని సందేశం పొరపాటున చెవిన పడితే దాన్ని ఎవరికీ చెప్పకూడదు, రాసి ఉంచకూడదు, వాడుకోకూడదు అనే నియమం ఆ పాఠాల్లోనే ఎదురవుతుంది. కాలేజీ పేరున క్లబ్ స్టేషన్ లైసెన్సుకు కూడా దరఖాస్తు చేయవచ్చు. మీ శాఖాధిపతిని అడుగు. 1983లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ పరీక్షలకు శిక్షణ ఇస్తూ వచ్చింది. ఆ సంస్థ బృందంతో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లిన భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి అక్కడ ఫోన్లు మూగబోయినప్పుడు తన హామ్ సెట్టుతో బయటి ప్రపంచానికి కబురు అందించారు. మన కొత్తపట్నం తీరాన్నీ అదే రోజు ఆ సముద్రమే తాకింది. లైసెన్సు ఉన్న గొంతు గనుక ఆమె మాటను అధికారులు నమ్మారు, వాడుకున్నారు. లైసెన్సుతో పాటు ఒక్కో హామ్‌కు పేరులా ఇచ్చే పిలుపు సంకేతం నీకూ రావాలని నా కోరిక. వచ్చిన రోజున దాన్ని మాకు రాసి పంపు.

ప్రశ్న: మా నాన్నగారి మర్ఫీ రేడియో, దానితోపాటు ఏటా పోస్టాఫీసులో స్టాంపులు అంటించిన లైసెన్సు పుస్తకం ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. రేడియో పలుకుతుంది. దానికి లైసెన్సు మళ్లీ కట్టాలా? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అద్దంకి

జవాబు: అక్కరలేదు, మాస్టారూ. ప్రసారాలు వినే రేడియోకు లైసెన్సు 1980లలోనే ఎత్తివేశారు. ఆ పుస్తకాన్ని మాత్రం పారేయకండి; వినడానికి కూడా అనుమతి అడిగిన రోజులు మన దేశంలో ఉండేవని పిల్లలకు చూపించడానికి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. 1989 నవంబరు తుపాను కావలి దగ్గర తీరం దాటిన రాత్రి మా ఇంట్లో అటువంటి రేడియో చుట్టూనే వీధి వీధంతా కూర్చుని ఉంది. ఇప్పటికీ విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్‌జ్ మీదే ఉంది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మెయిన్స్ మీద నడిచే మర్ఫీని నమ్ముకోకుండా, సెల్స్‌తో నడిచే చిన్న ట్రాన్సిస్టర్ ఒకటి పక్కన పెట్టుకోండి. వాన కాలం పోయాక దాని సెల్స్ తీసి విడిగా ఉంచండి. లోపలే వదిలేస్తే కారి, స్ప్రింగులు తుప్పు పట్టి, కావలసిన రాత్రికి పలకదు.